నీలం మాత్ర ఏ వేళకు మింగాల?

(అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

హెడ్మాస్టరు గారికి, అయ్యవార్లకు, టీచరమ్మలకు, పనులు మానుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. శాలువాలు చివర్లో చూసుకుందాం.

బ్యానరు మీద 'విద్యార్థుల శారీరక, మానసిక ఆరోగ్యం' అని రాసినారు. అంత పెద్ద విషయం ఒక పూటలో తెమలదు. నేను ఒక్క మాత్ర గురించే మాట్లాడతాను. హైస్కూలు పిల్లలకు రక్తహీనత రాకుండా వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర. దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మాత్ర బడికి వస్తుంది, రిజిస్టర్లో టిక్కు పడుతుంది. ఆ తర్వాత మాత్ర యాడికి పోయిందో తెలియాలంటే తరగతి కిటికీల కింద చూడాల.

పిల్లలు ఎందుకు పారేస్తారు? కడుపులో తిప్పుతుంది కాబట్టి. ఎందుకు తిప్పుతుంది? పొద్దున ఏమీ తినకుండా, ఇంత టీ తాగి పరుగెత్తుకొచ్చిన పిల్లకు ప్రార్థన కాగానే మాత్ర చేతిలో పెడితే తిప్పకుండా ఎట్లుంటుంది? ఒక పిల్ల వాంతి చేసుకుంటుంది. దాన్ని చూసి పక్క పిల్లకు వికారం. కాసేపటికి వరండా నిండా పిల్లలు, గేటు దగ్గర 108, వాట్సాప్‌లో 'మాత్రలు వికటించాయి' అని వార్త. వికటించింది మాత్ర కాదు, మనం ఇచ్చిన వేళ.

మధ్యాహ్నం బువ్వ తిన్నాక గంట ఆగి ఇవ్వండి. ఇచ్చే ముందు 'ఈ పొద్దు అన్నం తిననోళ్లు చెయ్యెత్తండి' అని అడగండి. ఎత్తినోళ్లకు ఆ రోజు వద్దు, మరుసటి రోజు తిన్నాక ఇవ్వండి. జ్వరంగా ఉన్నా అంతే. పోయిన వారం రాని పిల్లకు ఈ వారం రెండు కలిపి ఇవ్వకూడదు. నమలకుండా గ్లాసెడు నీళ్లతో టీచరు ఎదుటే మింగాల. వీలైతే టీచరమ్మ కూడా వాళ్ల ముందే ఒకటి వేసుకోవాల. పిల్లల భయం పోగొట్టడానికి అంతకన్నా మంచి ఉపన్యాసం లేదు. ఎవరికైనా వికారమైతే గుంపులోంచి పక్కకు తీసుకుపోయి నీడలో కూర్చోబెట్టి, గుక్క గుక్కగా నీళ్లు తాగించండి. వాంతులు ఆగకపోతేనే ఆసుపత్రి.

మరుసటి రోజు మలం నల్లగా కావచ్చు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఇంట్లో అవ్వ భయపడి 'ఇంగ ఆ మాత్ర వద్దులేమ్మా' అంటుంది. ఆ పిల్ల మళ్లీ నోట పెట్టదు.

టీ, కాఫీ, పాలు మాత్ర దగ్గరికి రానీయద్దు. టీలోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది, ఒంటికి చేరనీయదు. రాగి జావ మంచిదే, కాదనను. కానీ దాంట్లో కాల్షియం ఎక్కువ, వగరూ ఉంది. జావ పొద్దున, మాత్ర మధ్యాహ్నం. రెండూ ఒకే గ్లాసు దగ్గర కలపొద్దు. పులుపు మాత్రం మేలు చేస్తుంది. చీనీ (బత్తాయి) తోటలున్న జిల్లా మనది. తోట ఉన్న నాన్నలు ఆ రోజుకు ఒక గంప కాయలు బడికి పంపలేరా? చేతులెత్తండి, చూస్తాను.

ఇప్పుడు నా అంశం కాని మాట ఒకటి. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని, లోపల నీళ్లు లేవని ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టరు. మన ఎండల్లో! తలనొప్పి, మూత్రంలో మంట, నెలసరి రోజుల్లో బడి మానడం, అన్నీ ఆ గడియ దగ్గర మొదలవుతాయి. నీళ్లు తాగమని బెల్లు కొడితే సరిపోదు సార్, గడియ బిగించండి. మాత్ర మింగడానికైనా నీళ్లు తాగాల కదా.

సరే, రక్తం సంగతికి వస్తాను. క్లాసులో నిద్రపోయేవాడికి, మెట్లెక్కితే ఆయాసపడే పిల్లకు 'మొద్దు' అని పేరు పెట్టకముందు కింది కనురెప్ప కొంచెం లాగి చూడండి, పాలిపోయి ఉందేమో. బలపాలు, పచ్చి బియ్యం, మట్టి తినే పిల్లను కొట్టొద్దు. చాలాసార్లు అది రక్తహీనత లక్షణమే. రెప్ప చూస్తే అనుమానమే వస్తుంది, లెక్క రాదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాల. 12 గ్రాములు ఉండాల, 15 ఏళ్లు దాటిన మగపిల్లలకు 13. తగ్గితే వారానికొకటి చాలదు. డాక్టరు చూసి రోజుకు రెండు మాత్రల చొప్పున మూడు నెలలు ఇస్తారు. 8 కన్నా తక్కువైతే ఆ రోజే పెద్దాసుపత్రికి. నులిపురుగుల మాత్ర కూడా మరవద్దు. అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఏడాదికి రెండుసార్లు. ఇది మాత్రం నమలాల. కొంకిపురుగు ఉత్త కాళ్లతో తిరిగేవాళ్ల పాదాల్లోంచే ఎక్కి పేగుల్లో రక్తం తాగుతుంది. పురుగును వదిలేసి ఇనుము ఎంత పోసినా ఏం లాభం?

రక్తం సరిగ్గానే ఉండి, అయినా పిల్లవాడు నిద్ర పట్టక, స్నేహితులను వదిలేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే టెలి మానస్‌కు, అంటే మనసు బాగోలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన సాయం లైనుకు, ఫోన్ చేయండి, 14416. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు బ్లాక్‌బోర్డు మూలన ఎప్పుడూ ఉండాల.

ఇంక ప్రశ్నలు అడగండి. ముందు వంటమ్మలు అడగండమ్మా, మీరు మళ్లీ పొయ్యి కాడికి పోవాల. అందరూ తిన్నారా లేదా అనేది మాకన్నా మీకే ముందు తెలుస్తుంది.