ఇంట్లో నష్టానికి మీ తరఫున లెక్క కట్టేది ఎవరు?

నమస్కారం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను గడ్డకట్టించిన ఆ చలి తుఫాను అక్కడి మనవాళ్లకు బాగా గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు. గోడల్లోనూ అటకల మీదా ఉన్న పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలాయి. మంచు కరగడం మొదలైనప్పుడు ఆ నీళ్లన్నీ ఇళ్లలోకి దిగాయి. డాలస్ చుట్టుపక్కల ఉన్న ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. మొదటిసారి ఇల్లు కొనుక్కుని, మొదటిసారి ఇన్సూరెన్స్ క్లెయిం వేసినవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు. పబ్లిక్ అడ్జస్టర్ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నవాళ్లూ ఉంటారు. ఈరోజు ఆ మనిషి గురించే మాట్లాడుకుందాం.

క్లెయిం వేయగానే ఎవరో వచ్చి ఇల్లు చూసి, ఫోటోలు తీసుకుని, "నేను అడ్జస్టర్‌ని" అని చెబుతారు. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో జీతానికి పనిచేసే ఉద్యోగి కావచ్చు. తుఫాను వచ్చినప్పుడు కంపెనీ బయటి నుంచి పిలిపించుకున్న ఇండిపెండెంట్ అడ్జస్టర్ కూడా కావచ్చు. ఆ ఇండిపెండెంట్ అన్న పేరు విని ఆయన ఎవరి పక్షమూ కాదని అనుకోకండి, ఆయనకు డబ్బిచ్చేది కూడా కంపెనీయే. మూడోవాడు పబ్లిక్ అడ్జస్టర్. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో పాలసీదారు తరఫున మాత్రమే పనిచేసేది ఈయన ఒక్కడే. ఆయన ఫీజు మీరు ఇవ్వాలి. మన దేశంలో ఇంటి నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్‌కు లైసెన్సు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇస్తుంది, కానీ మామూలుగా ఆయనను పంపేది కంపెనీయే. పాలసీదారు వైపు నిలబడే ఇలాంటి వృత్తి మనకు అలవాటు లేదు. అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది కొత్తగా అనిపిస్తుంది.

ఈ పబ్లిక్ అడ్జస్టర్ చేసే పని ఏమిటి? కంపెనీతో గట్టిగా బేరమాడటమే అని చాలామంది అనుకుంటారు. అసలు పని అది కాదు, జాబితా రాయడం. క్లెయింలో ఎంత డబ్బు వస్తుందనేది ఎక్కువగా ధరల మీద కాక, జాబితాలో ఏ పనులు ఎక్కాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. రెండు పక్షాలూ చాలాసార్లు ఎగ్జాక్టిమేట్ అనే ఒకే సాఫ్ట్‌వేర్ వాడతాయి. అందులో ఆ ప్రాంతపు ధరలు ముందే ఉంటాయి. తేడా వచ్చేది ఏయే పనులు రాశారన్న దగ్గరే.

ఒక ఉదాహరణ చెబుతాను. మేడ మీద స్నానాల గది పైపు పగిలి, కింద వంటింటి సీలింగు తడిసింది. తుఫాను తర్వాత రోజుకు ఎన్నో ఇళ్లు చూడాల్సిన అడ్జస్టర్ హడావిడిగా వచ్చి, తడిసిన సీలింగు ముక్క మార్చడం, రంగు వేయడం అని రెండు పనులు రాసి వెళ్లిపోతాడు. సీలింగు పైన తడిసి ముద్దైన ఇన్సులేషన్ సంగతి? గోడ అంచున ఉండే బేస్‌బోర్డులు? చెక్క ఫ్లోరింగు కింద ఉండే పలక? వంటింటి కింది అలమరాలు చెక్కపొట్టుతో చేసినవైతే నీళ్లకు ఉబ్బిపోతాయి, పైకి మాత్రం బాగానే కనిపిస్తాయి. గదులు ఆరబెట్టే యంత్రాల అద్దె ఉంది, సామాను బయటికి చేర్చే ఖర్చు ఉంది. పగిలిన పైపు ఖరీదు చాలా పాలసీల్లో రాదు, కానీ ఆ పైపు దగ్గరికి చేరడానికి గోడ పగలగొట్టే ఖర్చు వస్తుంది. ఈ సంగతి తెలియక వదులుకున్న డబ్బు చాలా ఉంటుంది. మంచి పబ్లిక్ అడ్జస్టర్ తేమ కొలిచే మీటరుతో గోడ గోడకూ తిరుగుతాడు, ఫోటోలు తీస్తాడు, మీ పాలసీని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాడు, ఆ తర్వాతే జాబితా రాస్తాడు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి కంపెనీ అడ్జస్టర్‌తో కలిసి ఇల్లు మళ్లీ చూస్తాడు. ఆయన నుంచి ఆశించగలిగిన గొప్ప విద్య ఇదే, దీన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ఇక డబ్బు. పాలసీ విలువ 5 లక్షల డాలర్లు, డిడక్టబుల్ 1 శాతం అనుకోండి. అంటే నష్టంలో మొదటి 5,000 మీరే భరించాలి. మరమ్మతుకు 40,000 అవుతుందని తేలింది. వస్తువులు పాతవి కాబట్టి తరుగుదల కింద 9,000 పట్టి ఉంచుతారు. మొదటి చెక్కు 26,000. పని పూర్తిచేసి బిల్లులు చూపిస్తే మిగిలిన 9,000 వస్తుంది, అదీ మీ పాలసీ కొత్త వస్తువుల ధర చెల్లించే రకమైతేనే. ఇంటి మీద అప్పుంటే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది, వాళ్ల సంతకం లేకుండా అది మారదు.

మొత్తం 35,000. దాని మీద 10 శాతం అంటే 3,500 పబ్లిక్ అడ్జస్టర్‌కు పోతుంది. ఆ ఫీజును పాలసీ భరించదు, మరమ్మతు డబ్బులోంచే తీయాలి. కంపెనీ మొదట 22,000 ఇస్తానంటే, ఆయన వల్ల అది 35,000 అయితే, ఫీజు పోయినా మీకు లాభమే. కంపెనీయే మొదటిసారి 35,000 రాసి ఉంటే మాత్రం 3,500 ఊరికే పోయినట్టు. అందుకే నా అభిప్రాయం ఇది: ముందు కంపెనీని వాళ్ల ఎస్టిమేటు ఇవ్వనివ్వండి. దాన్ని చదవండి. పెద్ద పనులు వదిలేశారనో, క్లెయిం కొట్టేశారనో తేలితే అప్పుడు పిలవండి. కంపెనీ ఒప్పుకున్న మొత్తం మీద కాకుండా అదనంగా తెచ్చినదాని మీదే ఫీజు తీసుకుంటారా అని అడిగి, ఒప్పందంలో రాయించుకోండి. ఇల్లు మొత్తం కాలిపోయినంత పెద్ద నష్టమైతే విషయం వేరు. అక్కడ ఒక్కో చెంచా, ఒక్కో చొక్కా లెక్క రాయాలి. మొదటి రోజు నుంచే మనిషి తోడుండటం మంచిది.

టెక్సాస్ చట్టం మీకు కొంత రక్షణ ఇస్తుంది. ఫీజు 10 శాతం దాటకూడదు. సంతకం పెట్టాక 72 గంటల్లో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. తుఫాను ఇంకా నడుస్తుండగా వచ్చి పని ఇమ్మని అడగడం నిషిద్ధం. ఫ్లోరిడాలో ఫీజు మామూలుగా 20 శాతం వరకు ఉంటుంది, గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించిన విపత్తుల క్లెయింలకు మొదటి ఏడాది 10 శాతమే. లూసియానాలో అసలు శాతం లెక్కన తీసుకోవడమే కుదరదు. మీ రాష్ట్రంలో ఏముందో ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి, లైసెన్సు నంబరు కూడా అక్కడే సరిచూసుకోండి.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. వడగళ్ల వాన తర్వాత పైకప్పు వేసే కాంట్రాక్టర్లు తలుపు తట్టి, "క్లెయిం సంగతి మేమే మాట్లాడతాం, డిడక్టబుల్ మీరు కట్టక్కర్లేదు" అంటారు. టెక్సాస్‌లో ఈ రెండూ చట్టవిరుద్ధమే. డిడక్టబుల్ మాఫీని నిషేధించే చట్టం 2019లో వచ్చింది. ఇక ఒకే ఇంటికి కాంట్రాక్టరుగా, పబ్లిక్ అడ్జస్టరుగా ఒకే మనిషి ఉండకూడదన్న నియమాన్ని ఒక రూఫింగ్ సంస్థ సవాలు చేస్తే, టెక్సాస్ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో ఆ నియమాన్నే నిలబెట్టింది. కాంట్రాక్టరు ధర గురించి, పని గురించి కంపెనీతో మాట్లాడవచ్చు. మీ పాలసీలో ఏం వస్తుందో, ఏం రాదో మీ తరఫున వాదించకూడదు.

అన్నీ చేశాక కూడా మొత్తం దగ్గర కంపెనీ దిగిరాకపోతే, పాలసీలో అప్రైజల్ అనే నిబంధన ఉందేమో చూడండి. ఇరుపక్షాలూ చెరో అంచనాదారుని ఎంచుకుంటాయి, వాళ్లిద్దరూ ఒక అంపైర్‌ను ఎంచుకుంటారు, ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకున్నా అదే మొత్తం ఖాయం. మొత్తం కాకుండా, ఈ నష్టం పాలసీలోకే రాదని కంపెనీ అంటే అప్రైజల్ సాధారణంగా పనికిరాదు. అది న్యాయవాది చూడాల్సిన విషయం, పబ్లిక్ అడ్జస్టర్ న్యాయ సలహా ఇవ్వకూడదు. ఆ దశలో మీ దగ్గర ఉన్న ఫోటోలు, తేమ రీడింగులు, తేదీలతో సహా దాచిన ఈమెయిళ్లు అన్నీ తీసుకుని న్యాయవాది దగ్గరికి వెళ్లండి.