హోప్ స్కాలర్‌షిప్ ఎక్కడ జారిపోతుందంటే

అందరికీ నమస్కారం. లోపల భోజనాలు వడ్డిస్తున్నారు, కాబట్టి వేదిక మీది పెద్దల పేర్లు మళ్లీ చదవను. మన్నించాలి.

మన జార్జియా రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీల్లో మెరిట్ డబ్బు రెండు దారుల్లో వస్తుంది. జార్జియా టెక్‌లో స్టాంప్స్, యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో ఫౌండేషన్ ఫెలోషిప్ లాంటివి యూనివర్సిటీయే ఎంచి ఇస్తుంది. అవి కొద్దిమందికే. మన పిల్లల్లో ఎక్కువమంది ఆధారపడేది 1993లో రాష్ట్ర లాటరీ డబ్బుతో మొదలైన హోప్ మీద. అసలు చిక్కు సంగతి చూద్దాం.

హోప్‌కి హైస్కూల్లో 3.0 జీపీఏ కావాలి, అంటే ఏకి 4, బీకి 3, సీకి 2 చొప్పున వేసిన గ్రేడ్ల సగటు. ఎవరు లెక్కగట్టిన జీపీఏ? బడి కాదు, రాష్ట్రం! ఒక అమ్మాయికి ఆనర్స్ (మామూలు కన్నా పైస్థాయి) కెమిస్ట్రీలో 83 వచ్చిందనుకోండి. బడివాళ్లు ఆనర్స్ కదా అని 7 కలిపి రిపోర్టు కార్డులో 90 వేశారు. ఇంట్లో అది ఏ. రాష్ట్రం ఆ 7 తీసేసి 83నే చూస్తుంది. అంటే బీ, 3.0. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సులో బీ అయితే మాత్రం అర పాయింటు కలిపి 3.5 ఇస్తుంది. డ్రాయింగ్, పీఈ మార్కులు లెక్కలోకే రావు. జీఏ ఫ్యూచర్స్ అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఆ అంకె ఇప్పుడే చూసుకోండి, పన్నెండో తరగతి దాకా ఆగకండి. పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు బడి రికార్డులో ఉన్నట్టే ఉండాలి.

కాలేజీలో 30, 60, 90 క్రెడిట్ అవర్ల దగ్గరా, ప్రతి స్ప్రింగ్ సెమిస్టర్ చివరా జీపీఏ తనిఖీ. ఇది కాస్త రాసుకోండి: 30 అవర్లలో 7 ఏ, 15 బీ, 8 సీ. మొత్తం 89 పాయింట్లు, 2.97. సర్దుబాటు ఉండదు, 3.0 కాదు కాబట్టి హోప్ పోతుంది. ఆ 8 అవర్ల సీలు కాల్‌కులస్ లాంటి ఆమోదిత స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సులవైతే? అవర్‌కి అర పాయింటు చొప్పున 4 కలిసి 93 అవుతుంది, 3.1. అదే పిల్లాడు, అవే మార్కులు! అందుకే కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో రిజిస్టర్ చేసేముందే చూడమని చెప్పండి.

‘కష్టంగా ఉంది, డబ్ల్యూ తీసేసుకుంటా’ అంటాడు పిల్లాడు, అంటే కోర్సు మధ్యలో మానేయడం (విత్‌డ్రా). డబ్ల్యూ జీపీఏని తగ్గించదు, నిజమే. కానీ ఆ అవర్లు చదివినట్టే లెక్క, తనిఖీ ముందుకు జరుగుతుంది. పోయిన హోప్‌ని 60 దగ్గరో 90 దగ్గరో ఒక్కసారి తిరిగి తెచ్చుకోవచ్చు. రెండోసారి పోతే పోయినట్టే.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు చేతులెత్తండి. హోప్ అమెరికా పౌరులకూ, గ్రీన్ కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్లకే. ఎన్ని మార్కులొచ్చినా ఈ డబ్బు లెక్కలో వేసుకోకండి. ఆ పిల్లల సంగతి విడిగా మాట్లాడదాం, భోజనాలయ్యాక ఇక్కడే ఉంటాను.