చెప్పింది ఆయన, రాసింది ఆమె: ఆస్వాల్డ్ చాంబర్స్ పుస్తకం వెనక ఉన్న మనిషి

[తెర మీద: గీతల నోట్‌బుక్. పెన్సిల్ ఏటవాలుగా ఒక చిన్న గీత గీస్తుంది. పక్కనే అదే గీత, ఈసారి కాస్త ఒత్తిపట్టి.]

ఈ రెండు గీతలూ చూడండి. మొదటిది పల్చగా ఉంది. రెండోదీ అదే గీత, కాకపోతే ఒత్తి గీశాను. పల్చగా పడితే 'ప', ఒత్తుగా పడితే 'బ'. మనిషి మాట్లాడే వేగంతో గీతల్లో రాసుకునే పద్ధతి ఉంది కదా, ఆ పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో మొదట నేర్పేది ఇదే.

మన ఊళ్లలో ఒకప్పుడు ఏ మెయిన్ రోడ్డుకెళ్లినా మేడ మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది గుర్తుందా? టైపు లోయర్, టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్ అని బోర్డు. నేనూ మూడు నెలలు వెళ్లాను. నా పెన్సిల్ కింద ప, బ రెండూ ఒకేలా పడేవి. క్లాసులో డిక్టేషన్ రాసుకుని ఇంటికొచ్చి చూసుకుంటే నేను రాసింది నాకే అర్థమయ్యేది కాదు. మానేశాను.

ఈ సొంత గోల ఎందుకంటే, ప్రపంచంలో చాలామంది క్రైస్తవులు పొద్దున్నే లేచి రోజుకొక పేజీ చదువుకునే ఒక ధ్యానాల పుస్తకం ఉంది. పేరు 'మై అట్‌మోస్ట్ ఫర్ హిజ్ హైయెస్ట్'. అట్ట మీద ఆస్వాల్డ్ చాంబర్స్ అని ఉంటుంది. ఆ పుస్తకం వచ్చింది 1927లో. ఆయన చనిపోయింది 1917లో. అంటే ఆయన పోయిన పదేళ్లకు పుస్తకం వచ్చింది. అలాంటి పుస్తకం ఒకటి వస్తుందని కూడా ఆయనకు తెలియదు. అదంతా ఇలాంటి గీతల్లోంచి బయటికొచ్చింది. ఆ గీతలు గీసింది ఆయన భార్య.

[తెర మీద: పాత లండన్ వీధి. గ్యాస్ దీపం.]

ముందు ఆయన సంగతి చూద్దాం. 1874 జూలై 24న స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో పుట్టారు. తండ్రి బాప్టిస్టు పాస్టర్. కుటుంబం లండన్ వచ్చాక, టీనేజ్‌లో ఉండగా ఒక రాత్రి ఆ రోజుల్లో పేరుమోసిన ప్రసంగీకుడు స్పర్జన్ ప్రసంగం విని తండ్రితో కలిసి నడిచి ఇంటికొస్తున్నారు. అక్కడ అవకాశం ఇచ్చి ఉంటే ప్రభువుకు నన్ను నేను అప్పగించుకునేవాణ్ని అన్నారట. ఇప్పుడే అప్పగించుకోవచ్చు కదా బాబూ అన్నారు తండ్రి. ఆ వీధిలోనే నిలబడి ప్రార్థన చేసుకున్నారు.

ఇక్కడితో అయిపోతే ఇది మనం కూడికల్లో వినే సాక్ష్యాల్లాంటిదే. కానీ చాంబర్స్ జీవితంలో తర్వాత జరిగింది వేరు. ఆయనకు బొమ్మలంటే ప్రాణం. ఆర్ట్ చదివారు, ఎడిన్‌బరో యూనివర్సిటీకి వెళ్లారు. ఆ దారి వదిలేసి 1897లో డునూన్ అనే ఊళ్లో చిన్న బైబిల్ కాలేజీలో చేరారు. అక్కడ బయటికి అంతా బాగానే ఉంది. పాఠాలు చెబుతున్నారు, వాక్యం చెబుతున్నారు. లోపల మాత్రం నాలుగేళ్లు ఎండిపోయినట్టు ఉండేదట. బైబిల్ తెరిస్తే రుచి లేదు. తన మనసు ఎంత పాడుగా ఉందో తనకే కనబడి భయం. 1901లో లూకా సువార్త 11వ అధ్యాయంలోని మాట పట్టుకున్నారు: అడిగినవాళ్లకు తండ్రి పరిశుద్ధాత్మను ఇస్తాడు అన్న మాట. అడిగాను, ఇక ఇచ్చాడనే నమ్ముతాను అనుకున్నారు. ఆ క్షణంలో దర్శనమేదీ రాలేదు, ఒళ్లు పులకరించలేదు.

నాకు ఈయన మీద నమ్మకం కలిగింది ఇక్కడే. ఆ పుస్తకంలో ఎక్కడా 'నాకెంత గొప్ప అనుభవం కలిగిందో చూడండి' అనే గొంతు వినబడదు. భావోద్వేగాల మీద ఆధారపడొద్దని, రోజువారీ చాకిరీలోనే దేవుడితో నడవాలని పదే పదే చెబుతారు. పాత్రలు తోమడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, ఎవరూ చూడని పని. ఆ మాటలు నాలుగేళ్లు ఎండలో నిలబడ్డ మనిషివి.

[తెర మీద: ఓడ. అట్లాంటిక్ సముద్రం.]

ఇప్పుడు ఆమె దగ్గరికి వద్దాం. అసలు పేరు గెర్‌ట్రూడ్ హాబ్స్. 1883లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ బ్రాంకైటిస్, అంటే ఊపిరి గొట్టాల జబ్బు. దగ్గుతోనే స్కూలు మధ్యలో ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్లకు ఒక కోరిక ఉండేది: ఎప్పటికైనా బ్రిటన్ ప్రధానమంత్రికి సెక్రటరీ కావాలి. అందుకోసం సాధన చేసి చేసి నిమిషానికి 250 పదాల వేగం అందుకున్నారు.

ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ స్టెనోగ్రాఫర్ పరీక్షకు ఎవరైనా ప్రిపేర్ అవుతుంటే అడగండి. గ్రేడ్ డీకి 80, గ్రేడ్ సీకి 100 పదాలు. ఆ వందకే పిల్లలు చేతులు నొప్పులు పుట్టేలా రాస్తారు. ఈవిడ వేగం 250! మామూలుగా మాట్లాడే మనిషి ఎంత గబగబా మాట్లాడినా ఈమె పెన్సిల్‌ని దాటిపోలేడు. అంటే ఆమె రాసుకున్నవి మనం క్లాసులో రాసుకునే పాయింట్ల లాంటివి కావు. ప్రతి మాటా అందులో ఉంది. తర్వాత కథంతా దీని మీదే నిలబడింది.

1908లో బాల్టిక్ అనే ఓడలో ఆమె ఉద్యోగం వెతుక్కుంటూ న్యూయార్క్ బయల్దేరారు. అదే ఓడలో చాంబర్స్ కూడా అమెరికాలో ప్రసంగాలకు వెళ్తున్నారు. ఆయన అన్నగారు పాస్టర్‌గా ఉన్న చర్చికే ఈ అమ్మాయి వెళ్లేది. 'దారిలో మా అమ్మాయిని కాస్త కనిపెట్టుకుని ఉండండి' అని ఇంట్లోవాళ్లు ఆయనకు అప్పగించారు. కనిపెట్టుకుని ఉన్నారు, బాగానే! 1910 మే 25న పెళ్లయింది.

బిడ్డీ అని పేరు పెట్టిందీ ఆయనే. 'ప్రియ శిష్యురాలు' అని అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు బి, డి. అవి కలిసి బిడ్డీ. మన చెవికి 'బిడ్డ' అని వినబడుతుంది. ఆ మాటకీ దీనికీ సంబంధం లేదు గానీ, నాకు మాత్రం అలాగే వినబడి ఆమె కాస్త దగ్గరి మనిషిలా అనిపిస్తుంది.

[తెర మీద: లండన్, క్లాపమ్ కామన్. పెద్ద ఇల్లు.]

1911లో లండన్‌లోని క్లాపమ్‌లో ఇద్దరూ కలిసి బైబిల్ ట్రైనింగ్ కాలేజీ మొదలుపెట్టారు. పేరుకు కాలేజీ, నిజానికి ఒక పెద్ద ఇల్లు. విద్యార్థులు అక్కడే ఉండి అక్కడే తిని చదువుకునేవాళ్లు. తలుపు తట్టి అడిగినవాళ్లను ఉత్తి చేతులతో పంపకూడదని చాంబర్స్ నియమం. భోజనమైనా, చలికోటైనా, డబ్బులైనా సరే. ఇంటి లెక్కలు చూసుకునే మనిషికి ఈ నియమంతో ఎంత టెన్షన్ ఉండేదో ఏ జీవిత చరిత్రలోనూ వివరంగా రాయరు. ఆ ఇల్లు నడిపింది బిడ్డీ.

ఆయన పాఠం మొదలుపెట్టగానే ఆమె నోట్‌బుక్ తెరిచేవారు. పుస్తకం వేద్దామనే ఆలోచన లేదు, తన కోసమే రాసుకున్నారు. 1913లో కూతురు కేథలీన్ పుట్టాక కూడా రాయడం ఆపలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో కాలేజీ మూసేశారు. చాంబర్స్ వైఎంసీఏ అనే క్రైస్తవ సేవా సంస్థ తరఫున సైనికుల మధ్య పరిచర్యకు ఈజిప్టు వెళ్లారు. కైరో పక్కన జైతూన్ అనే చోట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల క్యాంపు. ఎటు చూసినా ఇసుక, గుడారాలు. ఆ ఏడాది డిసెంబరులో బిడ్డీ, రెండున్నరేళ్ల పాపను ఎత్తుకుని అక్కడికే వచ్చేశారు.

సైనికులకు కాలక్షేపం కావాలి, బైబిల్ పాఠాలకు ఎవడొస్తాడు అని చాలామంది అనుకున్నారు. ఆదివారం సాయంత్రాలు టీకి డబ్బులు తీసుకోవడం మానేశారు చాంబర్స్. వందల మందికి ఆ టీ చూసుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు. ఒక సైనికుడు వచ్చి 'నాకు ఈ మతం మనుషులంటే పడదండీ' అన్నాడట. 'నాకూ పడదు' అన్నారు చాంబర్స్. అలాంటి మనిషి మాట వినడానికి కుర్రాళ్లు రాత్రిళ్లు షెడ్డు నిండా కూర్చునేవాళ్లు. రేపు ఏ యుద్ధానికి పోతారో, తిరిగొస్తారో లేదో తెలియని పిల్లలు. వాళ్లకు ఆయన బైబిల్లోని యోబు గ్రంథం చెప్పారు, మంచివాడికి కష్టాలెందుకు అని అడిగే పుస్తకం. అంతకంటే సరైన పుస్తకం ఉండదు. ఆ గుంపులో ఒక పక్కన పెన్సిల్ కదులుతూనే ఉంది.

[తెర మీద: ఖాళీ ఆసుపత్రి మంచం.]

1917 అక్టోబరు 17న ఆయనకు కడుపునొప్పి మొదలైంది. అపెండిసైటిస్. ఆసుపత్రికి వెళ్లనన్నారు. గాజా దగ్గర పెద్ద యుద్ధం రాబోతోందని అందరికీ తెలుసు, గాయపడినవాళ్లకు మంచాలు కావాలి, ఒక మంచం నేను ఆక్రమించుకోవడమా అన్నారు. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. 29న ఇక తప్పక అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. కాస్త కోలుకున్నట్టే కనిపించి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో నవంబరు 15న ప్రభువునందు నిద్రించారు. వయసు 43.

ఈ నిర్ణయం గురించి ప్రసంగాల్లో గొప్ప త్యాగంగా చెబుతారు. త్యాగమే, కాదనను. కానీ నాలుగేళ్ల పాప ఉన్న ఇంటి వైపు నుంచి చూస్తే నాకు మింగుడుపడదు. ముందే వెళ్లి ఉంటే బతికేవారేమో అనే ప్రశ్న ఆ ఇంట్లో రాకుండా ఉంటుందా? బిడ్డీ మాత్రం ఆ ప్రశ్నను బయటపెట్టలేదు. ఇంగ్లండ్‌కు ఆమె పంపిన టెలిగ్రాంలో 'ఆస్వాల్డ్ ఆయన సన్నిధిలో' అని మాత్రమే ఉంది. ఆయన అంటే దేవుడు.

[తెర మీద: నోట్‌బుక్కులు. మూత తీసిన టైప్‌రైటర్.]

34 ఏళ్ల విధవరాలు, చిన్నపిల్ల, పరాయి దేశం, యుద్ధం. ఆస్తి అంటే నోట్‌బుక్కులు. అందులో ఉన్నది మరొకరు చూస్తే పిచ్చిగీతలు. పైగా షార్ట్‌హ్యాండ్‌లో వేగం కోసం అచ్చుల గుర్తులు చాలావరకు వదిలేస్తారు. రాసినవాళ్లు గుర్తుపెట్టుకుని చదవాలి. కాబట్టి ఆ గీతల్లో ఉన్న ఆయన గొంతును తిరిగి మాటలుగా మార్చగలిగిన మనిషి ఆమే.

ముందు ఒక ప్రసంగం టైపు చేసి, క్రిస్మస్‌కు స్నేహితులకూ సైనికులకూ ఇవ్వడానికి అచ్చు వేయించారు. వైఎంసీఏ వాళ్లు అది చూసి 10,000 ప్రతులు కావాలన్నారు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. 1919 దాకా ఈజిప్టులోనే ఉండి, తర్వాత ఇంగ్లండ్ వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థులను ఇంట్లో పెట్టుకుని, వాళ్లకు వండిపెట్టి, ఆ డబ్బుతో ఇల్లు గడిపారు. మిగిలిన టైమంతా టైప్‌రైటర్ ముందే.

ధ్యానాల పుస్తకం తయారైంది అక్కడే. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా రోజుకొక పేజీ. అయితే చాంబర్స్ ఎప్పుడూ రోజుకొక పేజీ లెక్కన మాట్లాడలేదు కదా! ఆమె ఏం చేశారంటే క్లాపమ్ పాఠంలోంచి ఒక మాట, ఈజిప్టు రాత్రి ప్రసంగంలోంచి ఒక మాట తీసి, ఒక బైబిల్ వచనం కింద కుట్టారు. ఆ పుస్తకం చదివేవాళ్లలో చాలామంది నాతో ఒకటే అంటారు: బాగుంటుంది గానీ అర్థం చేసుకోవడం కష్టం, ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి ఉన్నట్టుండి గెంతుతుంది అని. నాకూ మొదట అలాగే ఉండేది. ఈ సంగతి తెలిశాక ఆ గెంతుల దగ్గర ఆగి చదవడం మొదలుపెట్టాను. అక్కడ బహుశా ఒక నోట్‌బుక్ మూసి ఇంకో నోట్‌బుక్ తెరిచి ఉంటారు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, దేని పక్కన దేన్ని పెట్టాలి. ఇవన్నీ ఆమె నిర్ణయాలే. ఇంత చేసినవాళ్లను మనం ఇప్పుడైతే సహరచయిత అంటాం. నన్నడిగితే అట్ట మీద రెండు పేర్లు ఉండాలి. ఆమె ఒప్పుకునేవారు కాదనుకోండి.

అమ్మకాల మీద వచ్చిన డబ్బును సొంతానికి వాడుకోకుండా తర్వాతి పుస్తకం అచ్చుకు పెట్టేవారు. 1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ విమానాలు లండన్ మీద నిప్పుబాంబులు కురిపించినప్పుడు, పుస్తకాల గోడౌన్లున్న పేటర్‌నాస్టర్ రో వీధి తగలబడిపోయింది. లక్షలాది పుస్తకాలు బూడిదయ్యాయి. చాంబర్స్ పుస్తకాల స్టాకు కూడా అందులోనే ఉంది. బిడ్డీ మళ్లీ మొదలుపెట్టారు. 1942లో ఆ పని చూసుకోవడానికి ఒక సంస్థ ఏర్పడింది. 1966లో చనిపోయేదాకా ఆమె చేసిన పని ఇదే. చాంబర్స్ పేరుతో పదుల సంఖ్యలో పుస్తకాలున్నాయి. ఆయన స్వయంగా అచ్చుకు సిద్ధం చేసినది దాదాపు ఒక్కటే, ఆ యోబు ప్రసంగాలు. తక్కినవన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే.

[తెర మీద: పుస్తకం ముందుమాట పేజీ. కెమెరా నెమ్మదిగా కిందికి దిగుతుంది.]

ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే, పాత ముందుమాట ఉన్న ప్రతి అయితే, ఒకసారి తీసి చూడండి. ఈ మాటలు ఎక్కడెక్కడ చెప్పినవో, ఏ సంవత్సరాల్లో చెప్పినవో పొడిపొడిగా నాలుగు మాటల్లో ఉంటుంది. 'నా భర్త' అని ఒక్క మాట ఉంటుందంతే, రాసింది నేనేనని మాత్రం చెప్పుకోలేదు. కింద ఆక్స్‌ఫర్డ్‌లోని వుడ్‌స్టాక్ రోడ్డు అడ్రసు, అక్టోబరు 1927 అని తేదీ. సంతకం ఉండాల్సిన చోట రెండే అక్షరాలు: బి. సి.