హెచ్‌-1బి డినయల్ వచ్చిందా? ముందు క్యాలెండర్ చూడండి

[తెర మీద: బల్లపై చింపిన కవరు, పక్కన క్యాలెండర్]

నమస్కారం. హెచ్‌-1బి ఎక్స్‌టెన్షన్ డినయల్ అయిందని మెయిల్ వచ్చిన రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఊళ్లో అమ్మానాన్నలకు చెప్పాలా వద్దా, పిల్లల స్కూలు సంగతేంటి... ఈ టెన్షన్‌లో పడి చాలామంది నోటీసు మీది తేదీ చూడరు.

ఆ తేదీ నుంచి మీకున్నది 30 రోజులు. నోటీసు పోస్టులో పంపి ఉంటే 33. ఈలోగా, ఈ నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడిగే ఐ-290బి ఫారం యూఎస్‌సీఐఎస్‌కి, అంటే అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి, చేరాలి. ఆఖరి రోజు పోస్టులో వేశామంటే కుదరదు. సంతకం మర్చిపోయినా, ఫీజు తేడా వచ్చినా ఫారం వెనక్కి వచ్చేస్తుంది, గడువు మాత్రం ఆగదు.

పైగా ఈ ఫారం వేయాల్సింది మీరు కాదు, మీ కంపెనీ. పిటిషన్ వాళ్లది కదా! హెచ్‌ఆర్ వాళ్లు "చూద్దాం" అంటే మొహమాటపడకండి, రోజూ అడగండి.

[తెర రెండుగా చీలుతుంది: "రీఓపెన్", "రీకన్సిడర్"]

ఈ ఫారంతో పెట్టే అర్జీనే మోషన్ అంటారు. రీఓపెన్ మోషన్ అంటే కొత్త వాస్తవాలు, వాటికి రుజువులు. ఉదాహరణకు, ప్రాజెక్టు గురించి క్లయింట్ ఇచ్చిన లెటర్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పిటిషన్ వేసిన రోజుకే ఆ ఉద్యోగం, ఆ అర్హత ఉండాలి. తర్వాత కుదిరిన ప్రాజెక్టు కాగితం ఎంత బాగున్నా పనికిరాదు. ఆర్‌ఎఫ్‌ఈలో, అంటే మరిన్ని ఆధారాలు కావాలంటూ వచ్చే నోటీసులో, అడిగినప్పుడు ఇవ్వని కాగితం ఇప్పుడు తెస్తే, "అప్పుడే ఎందుకివ్వలేదు?" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

రీకన్సిడర్ మోషన్‌కు కొత్త కాగితాలతో పని లేదు. ఫైల్లో ఉన్నవాటికే ఆఫీసరు చట్టాన్నో పాలసీనో తప్పుగా వర్తింపజేశారని చూపాలి. "అన్యాయం జరిగింది" అంటే చాలదు. ఏ రూలు, ఎక్కడ తప్పారో రాయాలి. ఇది పక్కా లాయరు పని. రెండు మోషన్లూ కలిపి ఒకే ఫారంలో వేయొచ్చు.

ఈ మోషన్లను చూసేది డినయల్ ఇచ్చిన ఆఫీసే. మళ్లీ వాళ్ల గుమ్మమేనా అనిపిస్తుంది, నిజమే. అప్పీలుకు వెళ్తే ఏఏఓ అనే వేరే ఆఫీసు ఉంది, కానీ ఫైలును ముందు పాత ఆఫీసే ఒకసారి చూస్తుంది.

[తెర మీద: ఐ-94, ఎర్ర గీత]

ఇప్పుడు అసలు సంగతి. మోషన్ వేసినంత మాత్రాన డినయల్ ఆగదు, స్టేటస్ రాదు, పని చేసే హక్కూ రాదు. ఐ-94, అంటే మీరు అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, దాని గడువు అప్పటికే దాటి ఉంటే డినయల్ మర్నాటి నుంచి అనధికారంగా ఉన్న రోజులు లెక్కలో పడతాయి. అవి 180 దాటాక దేశం వదిలితే 3 ఏళ్లు, ఏడాది నిండాక వదిలితే 10 ఏళ్లు తిరిగి రావడం కష్టం. అందుకే చాలా కేసుల్లో మోషన్ కన్నా కంపెనీ కొత్త పిటిషన్ వేయడమే నయమని నా అభిప్రాయం.

అన్నట్టు, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయినవాళ్లకు ఈ ఫారం పనికిరాదు. అది వేరే దారి.

లాయర్ని మొదటి రోజే ఇది అడగండి: "మోషన్ తేలేదాకా నేను ఇక్కడ ఉండొచ్చా?"