నాలుగో గడి

సభకు నమస్కారం. అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకూ విడివిడిగా నమస్కారాలు చెప్పాలని ఉంది గానీ, అందరి పేర్లూ చదివేసరికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఫిగర్ స్కేటింగ్‌లో షార్ట్ ప్రోగ్రామ్ అనే చిన్న ప్రదర్శన తర్వాత చేసే పెద్ద ప్రదర్శన, అదే ఫ్రీ స్కేట్, మొత్తం నాలుగు నిమిషాలే. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

నన్ను ఒక పని మీద పిలిచారు. రాబోయే ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ చాంపియన్‌షిప్ మహిళల విభాగంలో స్వర్ణం, రజతం, కాంస్యం ఎవరెవరికి రావాలని ఆశిస్తున్నారో అభిమానిగా చెప్పండి అన్నారు. మూడు గళ్లు గీసిన కాగితం కూడా చేతికిచ్చారు. ఇదిగో, ఖాళీగానే ఉంది.

ఎందుకంటే నా జోస్యాల చరిత్ర అలాంటిది. 2024లో మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి (రెండు ప్రదర్శనల పాయింట్లూ కలిపితేనే ఫలితం) బెల్జియం అమ్మాయి లోయెనా హెండ్రిక్స్ మొదటి స్థానంలో ఉంది. ఇంకేముంది, స్వర్ణం ఆమెదే అని ఊరంతా చాటాను. ఫ్రీ స్కేట్ అయ్యాక ఆమె నాలుగో స్థానానికి వెళ్లింది, నాలుగో స్థానంలో ఉన్న జపాన్ అమ్మాయి కావోరి సకమోటో మొదటికొచ్చింది. నన్ను వెక్కిరించడానికే ఇద్దరూ చోట్లు మార్చుకున్నట్టు! సకమోటోకి అది వరసగా మూడో ప్రపంచ టైటిల్. 1966 నుంచి 68 దాకా అమెరికా స్కేటర్ పెగ్గీ ఫ్లెమింగ్ గెలిచాక మహిళల్లో మళ్లీ ఎవరికీ కుదరనిది. సరే, బుద్ధొచ్చిందనుకుని మరుసటేడు బోస్టన్‌లో నాలుగోదీ ఆమెదే అన్నాను. అలీసా లియు గెలిచింది. 16 ఏళ్లకే ఇక చాలని స్కేట్లు విప్పేసిన పిల్ల, తిరిగొచ్చి 19 ఏళ్లకు ప్రపంచ విజేత అయింది. మహిళల్లో అమెరికాకి 2006 తర్వాత అదే మొదటి టైటిల్. జోస్యం తప్పినందుకు అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నే అనుకుంటాను.

కాబట్టి పేర్లు అడగొద్దు. ఆ మెడలో పతకం ఎలా పడాలన్నదే నా ఆశ. గెలిచినావిడ తన ఆటతో గెలవాలి. పక్కావిడ పడిపోయింది కాబట్టి గెలవకూడదు.

ఇది పెద్దమనిషి తరహా మాటలా ఉందని మీకనిపించవచ్చు. మరి నేనొకటి అడుగుతాను, చేతులెత్తండి. మీకిష్టమైన స్కేటర్ గెలవాలని, ఎదుటి అమ్మాయి జంప్ దగ్గరికి రాగానే మనసులో "పడు, పడు" అనుకున్నవాళ్లెవరు? ఒక్క చెయ్యీ లేవదు. తెలుసు. నేనెత్తుతున్నాను.

2014, సోచి ఒలింపిక్స్. నేను దక్షిణ కొరియా స్కేటర్ యునా కిమ్‌కి వీరాభిమానిని. 2010లో వాంకూవర్‌లో ఆవిడ 228.56 పాయింట్లతో స్వర్ణం గెలిచినప్పటి నుంచీ నాకు వేరే దేవుడు లేడు. దేవుడు ఉన్నాక రాక్షసి కావాలి కదా, జపాన్ స్కేటర్ మావో అసాడాని ఆ స్థానంలో కూర్చోబెట్టుకున్నాను. పాపం, ఆ అమ్మాయి చేసిన నేరమల్లా ట్రిపుల్ యాక్సెల్ చెయ్యడమే. తెలియనివాళ్ల కోసం చెబుతాను. జంపులు ఆరు రకాలు. అయిదింటికి వెనక్కి తిరిగి వెళుతూ ఎగురుతారు. యాక్సెల్ ఒక్కదానికే ముందుకు చూస్తూ ఎగరాలి. దిగేది మాత్రం అన్నిటికీ వెనక్కే. అంటే ట్రిపుల్ యాక్సెల్‌కి గాలిలో తిరగాల్సింది మూడు చుట్లు కాదు, మూడున్నర. పోటీలో దాన్ని మొదట చేసిన మహిళ మిడోరి ఇటో, 1988లో. ఆ అర చుట్టు ఎంత బరువో... వివరంగా చెబుదునుగానీ, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

సోచిలో షార్ట్ ప్రోగ్రామ్. అసాడా ఆ యాక్సెల్‌కే పడింది. ఆ తర్వాత కాంబినేషన్, అంటే వెంటవెంటనే చెయ్యాల్సిన రెండు జంపులు, అదీ పోయింది. 55.51 పాయింట్లు, పదహారో స్థానం. నేను చప్పట్లు కొట్టాను. ఇంట్లో, ఒక్కదాన్నే, టీవీ ముందు కూర్చుని. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మర్నాడు కిమ్ కోసం టీవీ పెట్టుకు కూర్చున్నాను. షార్ట్‌లో వెనకబడ్డవాళ్లు ముందు ఆడతారు కదా, అసాడా చాలా ముందే వచ్చింది. సరే చూద్దాం, ఇంకా ఎంత దిగజారుతుందో అనుకున్నాను. తప్పే, అలాగే అనుకున్నాను. మొదటి జంపే యాక్సెల్. నిన్న పడ్డ జంపే. నిలబడింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. ఎనిమిది ట్రిపుళ్లు! ఒకటి రెండింటికి రీప్లే చూశాక పాయింట్లలో కోత పడింది లెండి. సంగీతం ఆగింది. తల పైకెత్తి, ఏడుపు ఆపుకోలేక ఏడ్చేసి, అంతలోనే నవ్వి సభకు వంగి దండం పెట్టింది. నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

142.71 వచ్చింది. ఫ్రీ స్కేట్ ఒక్కటే లెక్కవేస్తే ఆ రోజు మూడో స్థానం. మొత్తం మీద ఆరు. కిమ్‌కి రజతం వచ్చింది, స్వర్ణం రష్యా అమ్మాయి సోత్నికోవాకి వెళ్లింది. ఆ తీర్పు సంగతి మొదలుపెట్టానంటే మీరు నా చేతిలోంచి మైకు లాక్కోవాల్సి వస్తుంది, వదిలేద్దాం. మార్చిలో సైతామాలో అసాడా ప్రపంచ టైటిల్ గెలిచింది, మూడోసారి. అది మీకు రికార్డుల్లో దొరుకుతుంది. నాకు మాత్రం ఆరో స్థానమే ఎక్కువ.

ఆ వారమే ఒక పత్రికకి రాసి పంపాను. "ఆరో స్థానానికి అర పేజీయా అమ్మా?" అని తిప్పి పంపారు. పోనీండి, వాళ్ల పేరెందుకు. కానీ ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో షార్ట్ దాటి ఫ్రీ స్కేట్‌కి వచ్చేది 24 మంది. మనం చూసేది ఆఖరి ఆరుగురిని. ఆ రోజు నేను ఆఖరి గుంపుకే టీవీ పెట్టుకుని ఉంటే? అసాడా అనగానే ఆ పడటమే, నా చప్పట్లే గుర్తుండేవి.

ఎక్కడున్నాను? ఆ, ఆశల దగ్గర. పెద్దవాళ్లు గెలవాలి, అదీ ఉంది. బీజింగ్‌లో 2022లో చూశాం కదా. 15 ఏళ్ల రష్యా పిల్ల కమీలా వలియేవా చుట్టూ డోపింగ్ రగడ, ఫ్రీ స్కేట్‌లో పడుతూ లేస్తూ ఆ రోజు మొత్తం మీద నాలుగో స్థానం, ఏడుపు. స్వర్ణం గెలిచిన ఆమె సహచరి షెర్బకోవా, బొమ్మ ఒకటి పట్టుకుని పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఒలింపిక్ విజేత అండీ ఆవిడ! పలకరించే దిక్కు లేదు. ఆ ఏడాదే సీనియర్ పోటీలకి వయసు 15 నుంచి మెల్లగా 17కి పెంచాలని అంతర్జాతీయ సమాఖ్య తీర్మానించింది. 2024-25 నుంచి 17 అమల్లోకొచ్చింది. ఆ రాత్రి అలాంటి స్వర్ణం చూశాకే కదా, గెలుపు ఎలా రావాలని నేనింత పట్టుబడుతున్నది.

గంట కొట్టారు. వస్తున్నా, వస్తున్నా. కాగితం తిరిగి ఇచ్చేస్తున్నాను. మూడు గళ్లూ ఖాళీయే. వాటి కింద నేనే ఇంకో గడి గీశాను. అందులో "షార్ట్‌లో పదహారో స్థానం" అని రాశాను. పేరు ఆ రోజు తెలుస్తుంది. ఫ్రీ స్కేట్‌కి ఆ అమ్మాయి ఎన్ని గంటలకి దిగుతుందో మీలో ఎవరైనా కనుక్కుని నాకు ఒక్క ఫోను కొట్టండి. టీవీ ముందే పెట్టుకుంటాను.