ఫ్యానుకీ షాండ్లియర్‌కీ ఒకే హాల్లో చోటుందా?

అందరికీ నమస్కారం. పాత షాండ్లియర్లు ఇంటికి ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. చెప్తాను గానీ నేను అందం దగ్గర మొదలుపెట్టను, శ్లాబు దగ్గర మొదలుపెడతాను. పాత దీపాలకు వైర్లు మార్చడం, ఇత్తడి బాగుచేయడం, పైకెక్కి వేలాడదీయడం నా పని. ఈ పనిలో ఉన్నవాడికి గాజుకంటే ముందు కొక్కెం కనపడుతుంది.

షాండ్లియర్ అనగానే మనలో చాలామందికి హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ గుర్తొస్తుంది. అక్కడి దర్బారు హాల్లో 19 బెల్జియం గాజు షాండ్లియర్లు వరసగా వేలాడుతుంటే మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాం. కానీ ఆ పైకప్పు ఎత్తు వేరు. మన విశాఖలో ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఫ్లాట్ తీసుకుంటే నేల నుంచి శ్లాబుకి దాదాపు 10 అడుగులు, ఫాల్స్ సీలింగ్ వేయించాక 9 లేదా 9న్నర. మనుషులు నడిచే చోట షాండ్లియర్ అడుగుభాగం నేలకి కనీసం 7 అడుగుల పైన ఉండాలి, ఇంట్లో పొడుగువాళ్లుంటే ఇంకాస్త. అంటే మీ చేతిలో మిగిలేది రెండు, రెండున్నర అడుగులు, గొలుసుతో సహా.

దానికి తోడు ఫ్యాను. విదేశీ సలహాల్లో ఎవరూ పట్టించుకోని సమస్య ఇది. మన హాలు నడిమధ్య చోటు ఫ్యానుది, మే నెలలో విశాఖలో దాన్ని పీకేసి షాండ్లియర్ పెడతానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. రెండూ దగ్గరదగ్గరగా పెడితే గాలికి షాండ్లియర్‌కి వేలాడే గాజు లోలకులు రాత్రంతా టింగుటింగుమంటాయి, దీపం రెక్కలకన్నా ఎత్తులో ఉంటే గోడలమీద నీడలు గిరగిరా తిరుగుతాయి, పది నిమిషాల్లో తలనొప్పి. అందుకే నన్నడిగితే ఫ్లాట్లో షాండ్లియర్‌కి సరైన చోటు డైనింగ్ టేబుల్ పైన. దాని కింద ఎవరూ నడవరు కాబట్టి కిందికి దించుకోవచ్చు, టేబుల్ పైనుంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తు బాగుంటుంది. డూప్లెక్స్ ఉన్నవాళ్లకి మెట్ల పక్కన ఖాళీ ఉంటుంది, వాళ్ల అదృష్టం.

సైజుకి ఒక పాత లెక్క ఉంది. గది పొడవు, వెడల్పు అడుగుల్లో కలపండి, వచ్చిన అంకె అంగుళాల్లో షాండ్లియర్ వెడల్పు. 12 బై 14 గదికి 26 అంగుళాలు. లెక్క మంచిదే గానీ అది గది ఎత్తుని చూడదు. అందుకని మన ఇళ్లకి నేను ఇంకో నాలుగైదు అంగుళాలు తగ్గించే చెప్తాను.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. ఫ్యాను బరువు నాలుగైదు కిలోలు. ఇత్తడి, గాజు కలిసిన ఒక మోస్తరు పాత షాండ్లియర్ 15, 20 కిలోలు సులభంగా తూగుతుంది. ఫాల్స్ సీలింగ్ జిప్సమ్ బోర్డుకి దాన్ని తగిలించడం గురించి ఆలోచించను కూడా వద్దు, బరువు శ్లాబు మీదే పడాలి. ఆ శ్లాబు ఎలాంటిది? బీచ్ రోడ్డు, లాసన్స్ బే, వన్‌టౌన్ వైపు ముప్పై నలభై ఏళ్ల బిల్డింగుల్లో ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడటం మీరంతా చూసే ఉంటారు. ఆ శ్లాబులోంచి వచ్చిన ఫ్యాన్ హుక్కు పైకి పెయింటు వేసి నున్నగా కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలుపొరలుగా రాలుతుంది. దాన్ని నమ్మకండి. సివిల్ ఇంజినీర్ ఎవరైనా తెలిసినవాళ్లుంటే శ్లాబు ఒకసారి చూపించండి. గట్టిగా ఉందంటే స్టెయిన్‌లెస్ స్టీల్ యాంకర్ ఫాస్టెనర్లతో, అంటే కాంక్రీటులో బిగుసుకునే బోల్టులతో, కొత్త ప్లేటు వేయించి, షాండ్లియర్ బరువుకి నాలుగైదు రెట్లు ఇసుక బస్తాల్లో కట్టి ఒక రోజు వేలాడదీసి చూడండి. ఆ ఒక్కరోజు ఆగలేక కంగారుపడేవాళ్లే ఎక్కువ.

సరే, శ్లాబు బాగుంది, చోటు దొరికింది, ఏది కొనాలి? వ్యాపారంలో 100 ఏళ్లు దాటితే యాంటిక్ అంటారు, అంతకన్నా చిన్నవి వింటేజ్. మన ఊరికి, మన ఫ్లాట్లకి నా ఓటు వింటేజ్‌కే, అందులోనూ 1950, 60ల నాటి చిన్న ఇత్తడి షాండ్లియర్లకి. ఐదారు కొమ్మలు, తక్కువ లోలకులు, తుడవడం తేలిక. ఇంకో మంచి రకం హండీ దీపం, గంటని తలకిందులు చేసినట్టుండే గాజు బుడ్డి, పాత జమీందారీ ఇళ్లలో వరండాల్లో ఉండేవి. ఒకటే గాజు, ఒకటే బల్బు, ఎత్తు తక్కువ. దీన్ని ఎందుకు ఎవరూ అడగరో నాకిప్పటికీ అర్థం కాదు.

పెద్ద పేర్ల సంగతి కూడా చెప్పాలి కదా. ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌లో 1807లో మొదలైన ఓస్లర్ కంపెనీ తర్వాత కలకత్తాలో షాపు తెరిచి మన రాజులకి, జమీందార్లకి షాండ్లియర్లు అమ్మింది. దాంతో పాత గాజు ఏది కనపడ్డా ‘ఇది ఓస్లర్ సార్’ అనే మాట వినపడుతుంది. లోహం మీద ముద్ర చూపించమనండి, లేకపోతే పాత కాగితాలు చూపించమనండి, రెండూ లేకపోతే ఆ పేరుకి మీరు విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఇటలీలో వెనిస్ పక్కన మురానోలో చేసేవి చేత్తో మలిచిన గాజు పూలు, ఆకులతో ఉంటాయి, చాలా అందం, ఒక్క ఆకు విరిగితే దానికి జత మన దగ్గర దొరకదు. బొహీమియా, అంటే ఇప్పటి చెక్ దేశం వైపు మరియా థెరీసా రకంలో కొమ్మ మొత్తం గాజులా కనపడుతుంది గానీ లోపల లోహపు పట్టీ ఉంటుంది, అది ఇనుమైతే మన ఉప్పుగాలికి గాజు చాటున కూర్చుని తుప్పుపడుతుంది, మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కాబట్టి షాపుకి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడికి అది అతుక్కోదు. అతుక్కుందంటే లోపల ఇనుము, పైన పూత, సముద్రానికి దగ్గర్లో ఉంటే వదిలేయండి. లోలకుల్ని వేలితో తడమండి, చేత్తో కోసిన గాజు అంచులు పదునుగా తెలుస్తాయి, అచ్చులో పోసిందైతే సన్నటి అతుకు గీత తగులుతుంది. ప్లస్ గుర్తులా గాడి ఉన్న స్టార్ స్క్రూలు 1930ల తర్వాతే వాడుకలోకి వచ్చాయి, 1880 నాటిదని చెప్పిన దాన్నిండా అవే ఉంటే కనీసం ఆ భాగాలు తర్వాత వేసినవే. లోలకులు ఎన్ని లేవో లెక్కపెట్టండి, పది ఇరవై తక్కువైతే ఫర్వాలేదు, బేరం ఆడటానికి పనికొస్తుంది, కొమ్మ మీది గాజు గిన్నె విరిగితే మాత్రం కష్టం.

ఎక్కడ దొరుకుతాయంటే తమిళనాడు కారైకుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి, ముంబై చోర్ బజార్‌లో మటన్ స్ట్రీట్, కొచ్చిలో జ్యూ టౌన్. ఒక జాగ్రత్త, మొరాదాబాద్ ఇత్తడి, ఫిరోజాబాద్ గాజుతో కొత్తగా చేసి పాతగా కనిపించేలా రంగుదించినవి కూడా వీటి పక్కనే ఉంటాయి. అవి చెడ్డవని కాదు, కొన్ని చాలా బాగుంటాయి, ధర మాత్రం కొత్తదానికి తగ్గట్టు ఉండాలి అంతే.

కొన్నాక మొదటి ఖర్చు వైరింగు, దీన్ని తప్పించుకునే దారి లేదు. పాత రబ్బరు, గుడ్డ చుట్టిన వైరు ముట్టుకుంటే పొడి అవుతుంది. కొమ్మలు ఇత్తడి గొట్టాలు కదా, లోపల అంచులు పదునుగా ఉండి వైరు లాగేటప్పుడు ఇన్సులేషన్ కోసుకుపోతుంది, అప్పుడు మొత్తం బాడీకి కరెంటు వస్తుంది. అంచులు ముందు నునుపు చేయించండి, ఎర్త్ వైరు బాడీకి తప్పకుండా కలపమనండి, చాలామంది ఎలక్ట్రీషియన్లు ‘పైన ఉంటుంది కదండీ, ఎవరు ముట్టుకుంటారు’ అంటారు. తుడిచేవాళ్లు ముట్టుకుంటారు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చినదైతే అది 120 వోల్టుల దేశానిది, హోల్డర్లు కూడా మన బల్బులకి సరిపోవు, వైరుతోపాటు హోల్డర్లు కూడా E14 సైజుకి, అంటే 14 మిల్లీమీటర్ల సన్న మర బల్బు పట్టేదానికి, మార్పించేయండి. బల్బులు 2700 కెల్విన్ పసుపు కాంతి ఎల్ఈడీలు, పారదర్శకంగా ఉండే ఫిలమెంట్ రకం వేయండి, పాల గాజు బల్బు వేస్తే లోలకుల మెరుపు చచ్చిపోతుంది. తెల్ల ట్యూబులైటు రంగు వేస్తే షాండ్లియర్ మెడికల్ షాపులో ఉన్నట్టుంటుంది.

ఇటునుంచి అటు పంపడం మాత్రం వేరే కథ. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. తాతగారింటి షాండ్లియర్ న్యూజెర్సీకి పంపుదామనుకునేవాళ్లు ముందు పురావస్తు శాఖ నుంచి అది యాంటిక్ కాదన్న సర్టిఫికెట్ వస్తుందో లేదో కనుక్కోండి.

తుడవడం గురించి తొందరగా. చింతపండు వద్దు. బిందె తోమినట్టు తోమితే వందేళ్ల ఇత్తడి రంగు ఒక్క పూటలో పోతుంది. సముద్రం దగ్గరుంటే మూణ్ణెల్లకోసారి మెయిన్ ఆపేసి, ఒక చేత్తో డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డ, ఇంకో చేత్తో పొడి గుడ్డ. మీరు చుట్టూ తిరగండి, షాండ్లియర్‌ని తిప్పకండి, తిప్పితే పైన మర వదులవుతుంది. లోలకుల తీగలు తుప్పుపట్టి ఉంటే ఇత్తడి తీగలు వేయించండి, కింద పడేది గాజు తప్పు వల్ల కాదు, ఈ తీగ వల్లే.

గది కొలతలు, శ్లాబు ఎత్తు రాసుకొచ్చినవాళ్లు ముందుకి రండి. ఫోన్లో ఫొటోలున్నవాళ్లు షాండ్లియర్ పైభాగం, కొక్కెం ఉన్న ఫొటో ముందు తీయండి, మెరుపు తర్వాత చూద్దాం. ఆ మూలన కూర్చున్న మేడమ్ ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నారు, చెప్పండమ్మా, మీ ఇల్లు ఎన్నో అంతస్తు?