అమ్మేవాడు చూపించే గుప్పెడు గింజలు

(సినిమాలంటే ఇష్టపడే విద్యార్థుల ముందు అమలాపురంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి.

ఇందాక నేను వచ్చేసరికి వెనక బెంచీలో ఇద్దరు కుర్రాళ్లు ఒక కొత్త ట్రైలర్ గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకరు బ్లాక్‌బస్టర్ ఖాయం అంటున్నారు. రెండోవారు మ్యాట్నీకల్లా టాక్ తేలిపోతుందంటున్నారు. సినిమా ఇంకా రాలేదు. అయినా ఇద్దరూ ప్రాణం పెట్టి మాట్లాడుకుంటున్నారు. నాకు భలే ముచ్చటేసింది. నేను మాట్లాడదామని వచ్చిందీ దాని గురించే.

మిల్లుకు ధాన్యం తీసుకెళ్తే ఏమవుతుందో ఇక్కడున్న రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. కొనేవాడు బస్తాలోకి గొట్టం పొడుస్తాడు. పైన, మధ్యలో, అడుగున, తనకు అనుమానం వచ్చిన చోటల్లా పొడుస్తాడు. వచ్చిన గింజల్ని అరచేతిలో పోసుకుని చూస్తాడు, పంటికింద వేసి కొరుకుతాడు, మిషన్లో తేమ చూస్తాడు. 17 శాతం దాటిందా, పేచీ మొదలు. ట్రైలర్ కూడా శాంపిలే. కాకపోతే ఇక్కడ గొట్టం అమ్మేవాడి చేతిలో ఉంది. ఎక్కడ పొడవాలో, ఏ గింజ చూపించాలో అతనే తేల్చుకుంటాడు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు మన పెద్దవాళ్లు. నిజమే, ఆ మెతుకు మనం పట్టి చూస్తే. రెండున్నర గంటల సినిమాకి రెండున్నర నిమిషాల ట్రైలర్ అంటే అరవయ్యో వంతు. అదీ ఒక్కచోట నుంచి తీసింది కాదు. వంద చోట్ల నుంచి ఏరి, కొత్త వరసలో పేర్చి, కొత్త మ్యూజిక్ వేసింది.

ఈ పేర్చడంలో ఎంత మాయ ఉందో వందేళ్ల కిందటే రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు చేసి చూపించాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె పెట్టాడు, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ. చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి ఉందన్నారు, దుఃఖం ఉందన్నారు, కోరిక ఉందన్నారు. ముఖం మాత్రం మారలేదు. ట్రైలర్లో హీరో కళ్లెత్తి చూడగానే లారీ గాల్లోకి లేస్తుంది చూశారా, ఆ రెండు షాట్లూ సినిమాలో గంట తేడాతో ఉండొచ్చు. ఆ చూపు వాళ్లమ్మ అన్నం పెడుతున్నప్పటిది కావచ్చు. మనకి మాత్రం ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ గగుర్పాటు అబద్ధమని నేననను. అది ట్రైలర్ ఎడిటర్ సంపాదించుకున్న మార్కు. దర్శకుడి ఖాతాలో వేయొద్దంటున్నాను, అంతే.

చట్టం కూడా ఈ శాంపిల్‌ని హామీగా లెక్కలోకి తీసుకోలేదు. 2016లో వచ్చిన ఒక హిందీ సినిమా ప్రచారంలో ఒక పాట చూపించారు. హాలుకి వెళ్తే ఆ పాట లేదు. ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. జాతీయ కమిషన్ దాకా వెళ్లి గెలిచారు, 10,000 రూపాయల పరిహారం వచ్చింది. కానీ 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ట్రైలర్ అనేది ప్రేక్షకుడితో చేసుకున్న ఒప్పందం కిందికి రాదని చెప్పింది. అంటే ఆ గింజలు మంచివో కావో చూసుకునే బాధ్యత పూర్తిగా మనదేనండి.

నాకీ సంగతి కోర్టుకంటే ముందు మా నాన్నగారు నేర్పారు. ఆయన ఒక చిన్న ఊళ్లో సినిమా హాలు లీజుకి తీసుకుని నడిపేవారు. విజయవాడ గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి సినిమా రీళ్ల బాక్సు వచ్చేది, అందులోనే రాబోయే సినిమా ట్రైలర్ చిన్న రీలుగా చుట్టి వచ్చేది. ఆపరేటర్ దాన్ని ఇంటర్వెల్ తర్వాత వేసేవాడు. ట్రైలర్ పడుతున్నంతసేపూ నాన్నగారు తెర వైపు చూసేవారు కాదు. తెర పక్క తలుపు దగ్గర నిలబడి, ఆ వెలుగులో జనం ముఖాలు చూసేవారు. నేల టికెట్టువాళ్లు, బెంచీ వాళ్లు, ఆడవాళ్ల వైపు. సినిమా వేసుకోవాలా వద్దా అన్న లెక్క అక్కడ కట్టుకునేవారు.

ఒకసారి ఒక పెద్ద హీరో సినిమా ట్రైలర్ పడింది. బెంచీలు ఊగిపోయాయి, ఈలలు, చిత్తుకాగితాలు. నాన్నగారు కూడా ఆ ఊపులో పడి, అప్పు చేసి అడ్వాన్సు కట్టారు. మొదటి రోజు నాలుగాటలూ ఫుల్లు. రెండో రోజు సగం. మూడో రోజు సెకండ్ షోకి నేను లెక్కపెట్టాను, ముప్ఫై ఒక్కమంది. ఆ అప్పు తీరడానికి మాకు రెండేళ్లు పట్టింది. అదే ఏడాది ఇంకో చిన్న సినిమా ట్రైలర్ వేస్తే ఒక్క ఈల పడలేదు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆట వదిలాక, పిల్లాణ్ణి చంకనేసుకున్న ఒకావిడ గేటు దగ్గర ఆగి నాన్నగారిని అడిగింది: "ఆ తాళం ఏసుకునే తాతగారి సినిమా ఎప్పుడొత్తాదండీ?" ఆ ట్రైలర్లో ఒక ముసలాయన ఇంటికి తాళం వేసి, రెండడుగులు నడిచి, వెనక్కొచ్చి తాళం లాగి చూసుకుంటాడు. కథ తెలీదు, హీరో ఎవరో తెలీదు. ఆ లాగి చూసుకోవడం ఒక్కటీ ఆవిడకి గుర్తుండిపోయింది. నాన్నగారు ఆ సినిమా వేశారు. మూడు వారాలాడింది.

ఈల వేయించినవన్నీ పోతాయని గానీ, నిశ్శబ్దంగా ఉన్నవన్నీ ఆడతాయని గానీ నేను చెప్పను. నాకు కావలసింది ఆ తాళం. అంటే, కత్తిరించకుండా వదిలిన ఒక్క చిన్న పని, ఒక మనిషి పూర్తిగా చేసిన పని ఆ రెండున్నర నిమిషాల్లో ఉందా అని. నాలుగు సెకన్లు ఒకే ముఖం మీద కెమెరా నిలపడానికి ట్రైలర్ కట్ చేసేవాడు ఒప్పుకున్నాడంటే, ఆ ముఖంలో ఏదో ఉందన్న నమ్మకం వాళ్లకి ఉన్నట్టు. సెకనుకో షాట్ మారుతుంటే నాకు అనుమానమే.

మన ఊళ్ల విషయంలో నేను ఇంకా గట్టిగా చూస్తాను. ఈ మధ్య ఏ పల్లెటూరి సినిమా ట్రైలర్ చూసినా మొదటి షాట్ డ్రోన్‌దే: కొబ్బరితోటలు, మధ్యలో కాలవ, పడవ. రెండు సెకన్లు. బావుంటుంది, కాదనను. కానీ ఆ కాలవలో గుర్రపుడెక్క ఎక్కడ? వరి తీసేసి తవ్విన చేపల చెరువులు ఎక్కడ? గోదావరి దాటించే పంటు మీద మోటార్ సైకిల్ ఎక్కించి, స్టాండు వేసి, హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ మనిషి ఎక్కడ? డ్రోన్ అంత ఎత్తుకి వెళ్తే ఇవేవీ కనిపించవు. ఇక భాష సంగతి. మన యాస ట్రైలర్లో వచ్చిందంటే తొంభై పాళ్లు కమెడియన్ నోట్లోంచే, ప్రతి మాట చివరా ఒక "ఆయ్" తగిలించి. ఏడుస్తున్నవాడు, కోప్పడుతున్నవాడు, ప్రేమించినవాడు మన యాసలో మాట్లాడితే ఆ సినిమా మీద నాకు ఆశ పుడుతుంది. ఈ గడ్డ నుంచి దాసరి నారాయణరావు వెళ్లారు, బాపు, ముళ్లపూడి వెంకటరమణ వెళ్లారు, మట్టపర్రు నుంచి సుకుమార్ వెళ్లారు. మన మాటకి అన్ని రకాల బరువూ మోసే శక్తి ఉందని తెలియక కాదు కదా.

కుమారదేవం చెట్టు మీకు తెలుసు. గోదావరి గట్టున నిద్రగన్నేరు, నూట యాభై ఏళ్ల నాటిదని చెప్పేవారు, వందల సినిమాల్లో కనిపించింది. 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ వార్త విన్న రోజు నేను పాత సినిమాలు తీసి ఆ చెట్టు కోసమే చూశాను. కొన్నిట్లో అది ఒట్టి వాల్‌పోస్టర్‌లా వెనకాల ఉంది. కొన్నిట్లో మాత్రం దాని కింద మనుషులు కూర్చున్నారు, గాలికి ఆకులు కదులుతుంటే మాట మధ్యలో ఆపారు. ట్రైలర్లో కూడా ఈ తేడా కనిపెట్టొచ్చండి, కాస్త ఓపిక ఉంటే.

కనిపెట్టగలిగేవి ఇంకొన్ని ఉన్నాయి. ఫొటోగ్రఫీ, గ్రాఫిక్స్ నాణ్యత ట్రైలర్ దాచలేదు. 2022 అక్టోబరులో ఆదిపురుష్ టీజర్ వచ్చినప్పుడు జనం గ్రాఫిక్స్ బాలేవని ముక్తకంఠంతో చెప్పారు. సంక్రాంతికి రావలసిన సినిమాని 2023 జూన్‌కి వాయిదా వేశారు. వచ్చాక కూడా అదే విమర్శ వినిపించింది. అక్కడ జనం అంచనా తప్పలేదు. కథ ఎలా నడుస్తుందో, సెకండాఫ్ నిలబడుతుందో లేదో మాత్రం ఏ ట్రైలరూ చెప్పదు. చెప్పిందని మనం అనుకుంటే అది మన ఊహే.

మీ మాటకి విలువ ఉంది కాబట్టే ఇంత చెబుతున్నాను. సినిమా వసూళ్ల పట్టికలో మన తూర్పు గోదావరికి ఈస్ట్ అని ఒక గడి, పశ్చిమ గోదావరికి వెస్ట్ అని ఒక గడి ఉంటాయి. ఆ గడుల్లో అంకె వెనక రావులపాలెంలోనో, రాజోల్లోనో, పాలకొల్లులోనో ఒక హాలాయన అడ్వాన్సు కట్టి టెన్షన్‌తో కూర్చుని ఉంటాడు. ఇప్పటికే ఎన్నో హాళ్లు కల్యాణ మండపాలైపోయాయి. "ట్రైలర్ నచ్చలేదు" అనండి, తప్పేం లేదు. "సినిమా పోయింది" అని మాత్రం చూడకుండా అనకండి.

ఇప్పుడు ఒక పని చేద్దాం. ఇందాకటి కుర్రాళ్లు వాదించుకున్న ట్రైలర్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. శబ్దం పూర్తిగా తీసేసి వేస్తున్నాను. బీజీఎం ఉండదు, డైలాగ్ ఉండదు. మీకు గుర్తుండిపోయిన ఒక్క షాట్ కాగితం మీద రాయండి, ఎవరు ఏం చేస్తున్నారో అంతవరకే. బాబూ, ఆ కిటికీ దగ్గర లైటు కూడా ఆపెయ్యమ్మా.